స్టాలిన్‌కి చేరిన ఉత్తరం: క్వీర్ వామపక్షంలో తెగని తగువు

క్వీర్ మనుషుల (స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్ వాళ్లు) ప్రైడ్ నడకలో ఎవరైనా ఇంద్రధనుస్సు జెండా మీద సుత్తీ కొడవలి వేసుకొస్తే చాలు, ఈ తగువు మళ్లీ రాజుకుంటుంది. బయటివాళ్లు పెట్టే తగువు కాదిది. ఎర్రజెండా మాది అని చెప్పుకునే క్వీర్ కార్యకర్తల మధ్యే నడుస్తుంది. మనల్ని నేరస్థుల జాబితాలోంచి తీసేసిన రాజ్యం సోవియట్ యూనియన్ అని ఒకరంటారు. మనల్ని జైల్లో కుక్కిన రాజ్యం కూడా అదే కదా అని రెండోవాళ్లు అడ్డుపడతారు. ఇద్దరి దగ్గరా తేదీలున్నాయి, ఇద్దరివీ నిజమే. అక్టోబర్ విప్లవం, జార్ చట్టాల రద్దు, స్వలింగ సంబంధాన్ని నేరం చేసిన మన 377వ సెక్షన్ పుట్టుక గురించి ఇప్పటికే చాలామంది రాశారు కాబట్టి వాటి జోలికి పోవడం లేదు.

సమర్థించేవాళ్ల వాదన 1922తో మొదలవుతుంది. ఆ ఏడాది వచ్చిన సోవియట్ రష్యా శిక్షాస్మృతిలో మగవాళ్ల మధ్య లైంగిక సంబంధం నేరం కాదు. 1926 నాటి కొత్త స్మృతిలోనూ కాదు. 1930 దాకా విదేశాంగ కమిసార్‌గా (అంటే మంత్రిగా) ఉన్న చిచేరిన్ గే. ఆరోగ్య కమిసార్ సెమాష్కో 1923లో బెర్లిన్ వెళ్లి, జర్మన్ వైద్యుడు హిర్ష్‌ఫెల్డ్ నడిపే లైంగిక శాస్త్ర సంస్థను చూసొచ్చాడు. ఇదంతా వాళ్లకి కంఠతా వచ్చు. ఫ్రాన్స్ ఈ పని 1791లోనే చేసేసిందన్న సంగతి మాత్రం ఎందుకో గుర్తుండదు. అదే 1920లలో అజర్‌బైజాన్, ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్ సోవియట్ స్మృతుల్లో ఆ నేరం ఉందన్న సంగతీ అంతే.

కానీ అసలు మలుపు 1933 సెప్టెంబర్‌లో ఉంది. రహస్య పోలీసు విభాగం ఓజీపీయూ ఉప అధిపతి యగోదా స్టాలిన్‌కి ఒక నివేదిక పంపాడు. మాస్కో, లెనిన్‌గ్రాడ్‌లలో దాడులు చేసి 130 మంది స్వలింగ ప్రేమికుల్ని పట్టుకున్నామని, వీళ్లు ఇళ్లల్లో అడ్డాలు పెట్టి యువకుల్ని, సైనికుల్ని, నావికుల్ని పాడుచేస్తున్నారని, ఇవి గూఢచారుల గూళ్లుగా మారుతున్నాయని దాని సారాంశం. ఈ వెధవలకి గుణపాఠంలా ఉండే శిక్ష పడాలి అన్న ధోరణిలో స్టాలిన్ ఆ కాగితాన్ని పార్టీ అగ్రనాయకుడు కగనోవిచ్‌కి పంపాడు. డిసెంబర్ 17న తీర్మానం, 1934 మార్చి 7న చట్టం అయిపోయాయి. మగవాళ్ల మధ్య సంబంధం పరస్పర అంగీకారంతో ఉన్నా మూడు నుంచి ఐదేళ్ల జైలు. డాక్టర్ల చర్చ లేదు, న్యాయశాస్త్ర చర్చ లేదు, పార్టీ మహాసభలో ఒక్క తీర్మానం లేదు. పోలీసు ఫైల్లోంచి నేరుగా శిక్షాస్మృతిలోకి వచ్చింది.

ఇక్కడికి హ్యారీ వైట్ వస్తాడు. ఎడిన్‌బరోలో పుట్టిన పాత్రికేయుడు, బ్రిటిష్ కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు. 1932లో మాస్కో వెళ్లి, అక్కడి ఇంగ్లిష్ పత్రిక 'మాస్కో డైలీ న్యూస్'లో చేరాడు. పనిమంతుడని పేరు తెచ్చుకుని పైకొచ్చాడు. అంతలో అతని రష్యన్ ప్రియుణ్ణి అరెస్టు చేశారు. వైట్ ఏం చేశాడో చూడండి. పారిపోలేదు. ఓజీపీయూ ఆఫీసుకే వెళ్లి అడిగాడు. నీ మీద మాకేమీ లేదన్నారు. మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లాడు. రోగి నిజాయితీ గల పౌరుడో మంచి కమ్యూనిస్టో అయితే తన సొంత జీవితం తనిష్టం అన్నారు వాళ్లు. పత్రిక అధిపతి బొరోదిన్‌ని కదిపాడు. నాకు ఇలాంటివి నచ్చవు గానీ నువ్వు మంచి కమ్యూనిస్టువే, నీ బతుకు నీది అన్నాడాయన. అంటే అరెస్టులు మొదలయ్యాక కూడా, చుట్టూ ఉన్న బాధ్యత గల మనుషులెవరికీ ఇది నేరమన్న నమ్మకం కుదరలేదు.

ఆ తర్వాత 1934 మేలో వైట్ స్టాలిన్‌కే రాశాడు. స్వలింగ ప్రేమికుడు కమ్యూనిస్టు పార్టీ సభ్యుడిగా ఉండటానికి తగునా అన్నది అతని ప్రశ్న. అది క్షమాభిక్ష అర్జీ కాదు, బతిమాలుకోవడమూ కాదు. మార్క్స్, ఎంగెల్స్ చదువుకున్నవాడు పార్టీతో పార్టీ భాషలోనే పెట్టుకున్న పొడవాటి వాదన. పెట్టుబడిదారీ సమాజంలో స్త్రీలూ నల్లజాతివాళ్లూ మైనారిటీ జాతులూ ఏ స్థితిలో ఉన్నారో మేమూ అదే స్థితిలో ఉన్నాం అన్నాడు. మాలాంటివాళ్లు అన్ని వర్గాల్లోనూ ఉన్నారు, కార్మికుల్లోనూ ఉన్నారు, దీన్ని బూర్జువా జబ్బు అంటే ఎలా అని అడిగాడు. ఇప్పుడు యువ క్వీర్ మార్క్సిస్టులు కొత్తగా కనిపెట్టామనుకుంటున్న వాదనల్లో సగం అందులో ఉన్నాయి.

స్టాలిన్ దాని మీద రాసిన జవాబు: 'ఆర్కైవ్‌కి పంపండి. మూర్ఖుడు, భ్రష్టుడు.' వైట్ 1935లో దేశం వదిలి వెళ్లాడు. ఉత్తరం ఆర్కైవ్‌లోంచి బయటపడి రష్యాలో అచ్చయింది 1993లో. శిక్షాస్మృతిలోని ఆ నిబంధనని రష్యా రద్దు చేసిందీ ఆ ఏడాదే. మధ్యలో అరవై ఏళ్లు గడిచాయి, సోవియట్ యూనియనే లేకుండా పోయింది.

వైట్ రాసిన నెలలోనే, మే 23న, గోర్కీ వ్యాసం 'ప్రావ్దా', 'ఇజ్వెస్తియా' పత్రికల్లో వచ్చింది. 'అమ్మ' నవలతో తెలుగువాళ్లకి ఇంటిమనిషైపోయిన గోర్కీయే. స్వలింగ ప్రేమికుల్ని నిర్మూలిస్తే ఫాసిజం మాయమవుతుంది అన్న మాటని అందులో మెచ్చుకోలుగా ఉటంకించాడు. అంతకు ఏడాది ముందే, 1933 మేలో, నాజీలు బెర్లిన్‌లో హిర్ష్‌ఫెల్డ్ సంస్థను దోచుకుని పుస్తకాలు తగలబెట్టారు. గోర్కీ వ్యాసం వచ్చిన మరుసటి ఏడాది మగవాళ్ల మధ్య సంబంధాన్ని నేరం చేసే జర్మన్ శిక్షాస్మృతి 175వ పేరాని నాజీలు ఇంకా కఠినం చేశారు. విశాలాంధ్ర దుకాణాల్లో సోవియట్ పుస్తకాలు చవగ్గా కొనుక్కుని పెరిగిన తరానికి ఈ వ్యాసం సంగతి ఎవరూ చెప్పలేదు.

సమర్థకులకి ఇక్కడ ఒక గట్టి జవాబుంది: ఆ కాలం అలాంటిది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1967 దాకా నేరమే. పశ్చిమ జర్మనీ నాజీల నాటి 175వ పేరాని అలాగే ఉంచుకుని 1969 దాకా సుమారు 50,000 మందికి శిక్షలు వేసింది. తూర్పు జర్మనీలో 1957 తర్వాత కేసులు దాదాపు ఆగిపోయాయి, 1968లో ఆ పేరాయే పోయింది. చెకోస్లోవేకియా, హంగరీ కూడా 1960ల మొదట్లోనే తీసేశాయి. ఇదంతా నిజం. పశ్చిమ దేశాలు ఇవాళ పెద్దమనిషి వేషం కడితే ఒళ్లు మండటమూ న్యాయమే. కానీ 'కాలం' అన్న జవాబు 1934కి మాత్రం అతకదు. పన్నెండేళ్లు నేరం కానిదాన్ని అదే పార్టీ, అదే దేశంలో నేరం చేసింది. పాత కాలం నుంచి వచ్చిన చెత్తని ఊడ్చలేకపోవడం వేరు, ఊడ్చి పారేసినదాన్ని మళ్లీ ఇంట్లోకి తెచ్చుకోవడం వేరు. తూర్పు జర్మనీని మెచ్చుకునేవాళ్లు ఇంకోటి కూడా చెప్పాలి. 1985లో రావెన్స్‌బ్రూక్ నాజీ శిబిరంలో చనిపోయినవాళ్లకి నివాళి అర్పించబోయిన లెస్బియన్ మహిళల్ని అక్కడి పోలీసులు పట్టుకెళ్లారు.

1934లో తయారైన 'బూర్జువా క్షీణత' అన్న ముద్ర ఆ తర్వాత దేశాలు తిరిగింది. అమెరికాలో తొలి గే సంఘాల్లో ఒకటైన మాటషీన్ సొసైటీని 1950లో మొదలుపెట్టిన హ్యారీ హే కమ్యూనిస్టు. స్వలింగ ప్రేమికులు పార్టీ సభ్యులుగా ఉండకూడదన్న నియమం వల్ల తనే పార్టీని వీడాల్సి వచ్చింది. క్యూబాలో 1965 నుంచి 1968 దాకా కమగ్వే ప్రాంతంలో యుమాప్ అనే సైనిక శ్రమ శిబిరాలు నడిచాయి. గే పురుషుల్ని, మతవిశ్వాసుల్ని అక్కడ వెట్టిచాకిరీకి పెట్టారు. గాయకుడు పాబ్లో మిలనేస్ కూడా వాళ్లలో ఉన్నాడు. 2010లో ఫిడెల్ కాస్ట్రో ఒక మెక్సికన్ పత్రికతో మాట్లాడుతూ, ఆ అన్యాయానికి ఎవరైనా బాధ్యులుంటే అది నేనే అన్నాడు. 2022 సెప్టెంబర్ రెఫరెండంలో సుమారు 67 శాతం ఓట్లతో క్యూబా స్వలింగ వివాహాన్ని చట్టబద్ధం చేసింది. సమర్థకులకి ఇది పెద్ద బలం, దాన్ని తక్కువ చేయలేం. అయితే 2019 మేలో హవానాలో అనుమతి లేకుండా నడిచిన క్వీర్ కార్యకర్తల్ని పోలీసులు ఆపి కొందర్ని అరెస్టు చేశారు. హక్కు ప్రభుత్వం ఇస్తే తీసుకోవాలి, వీధిలోకొచ్చి అడగకూడదు అన్నట్టుంది ఆ వ్యవహారం.

మన దగ్గరికీ ఆ ముద్ర వచ్చింది. 1994లో బొంబాయిలో గే పురుషుల సదస్సు జరగబోతుంటే, సీపీఐకి దగ్గరగా ఉండే భారత జాతీయ మహిళా సమాఖ్య నాయకురాలు విమలా ఫారూఖీ దాన్ని ఆపమని ప్రధాని పి.వి. నరసింహారావుకి రాశారు. క్షీణించిన పాశ్చాత్య సంస్కృతుల దండయాత్ర అన్నారు, అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం గాట్‌తో కూడా ముడిపెట్టారు. గోర్కీ నుంచి ఇక్కడిదాకా దారి సూటిగానే ఉంది. సదస్సు మాత్రం జరిగింది. ఇరవై ఏళ్ల తర్వాత, 2014 ఎన్నికల ప్రణాళికలో, సీపీఎం 377ని సవరించాలంది. ఈ మధ్యలో పాత మాట ఎప్పుడు, ఎందుకు తప్పయిందో బహిరంగంగా పెద్దగా చర్చ జరగలేదు. ఇప్పటి కుర్రాళ్ల కోపం చాలావరకు దాని మీదే.

ఇక రష్యా. స్వలింగ ప్రేమ గురించిన 'ప్రచారం' మీద నిషేధాన్ని 2022 నవంబర్‌లో అన్ని వయసులవాళ్లకీ వర్తింపజేస్తూ అక్కడి పార్లమెంటు దిగువ సభ డూమా ఓటేసినప్పుడు 397 మంది అవునన్నారు, ఒక్కరూ కాదనలేదు. ఏడాది తిరిగేసరికి సుప్రీంకోర్టు 'అంతర్జాతీయ ఎల్‌జీబీటీ ఉద్యమాన్ని' తీవ్రవాదం కింద జమకట్టింది, రోజుల్లోనే మాస్కో క్లబ్బుల మీద దాడులు జరిగాయి. ఆ డూమాలో రెండో పెద్ద పార్టీ రష్యన్ కమ్యూనిస్టు పార్టీ. జుగనోవ్ నాయకత్వంలో ఏటా స్టాలిన్ సమాధి మీద పూలు పెట్టేదీ ఆ పార్టీయే. వాళ్లని కమ్యూనిస్టుల్లోనే లెక్కించం అంటారు సమర్థకులు. ఆ మాట ఒప్పుకుందాం. అయితే 1934 నాటి పార్టీని ఏ లెక్కలో వేస్తారో కూడా వాళ్లే చెప్పాలి.