పువ్వు లేని చెట్టు ఇంటిపేరు

చిరంజీవులు బుజ్జికి, చిన్నుకి తాతయ్య ఆశీస్సులు.

దసరా సెలవుల్లో కర్ణాటకలోని అగుంబె వెళ్తున్నామని, అక్కడి వానాడవిలో నేరేడు చుట్టాలు చాలా ఉంటాయని మీ సైన్సు టీచరు చెప్పారని రాశారు. "అప్పటికి పువ్వూ ఉండదు, పండూ ఉండదు కదా, మరి ఎలా పట్టుకోవాలి తాతయ్యా?" అని బుజ్జి అడిగింది. మంచి ప్రశ్న. అడవుల్లో తిరిగే వృక్షశాస్త్రజ్ఞులకు కూడా రోజూ ఎదురయ్యేది ఇదే. ఏడాదిలో ఎక్కువ రోజులు చెట్టు మీద ఆకులే ఉంటాయి. అవి కూడా చాలాసార్లు ఇరవై ముప్పై మీటర్ల పైన.

ముందు చుట్టరికం సంగతి. మనకు ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనక వస్తుంది కదా. మొక్కల శాస్త్రీయ నామాలూ అంతే. నేరేడు సిజీజియం క్యుమిని. సిజీజియం ఇంటిపేరు, క్యుమిని సొంత పేరు. లవంగం, గులాబ్ జామ కూడా సిజీజియం వాళ్ళే. జామ ఇంటిపేరు సిడియం, జామాయిల్ ఇంటిపేరు యూకలిప్టస్. ఇంటిపేర్లు వేరైనా అందరిదీ ఒకటే గోత్రం, మిర్టేసీ. ఈ గోత్రంలో 5,500కు పైగా జాతులున్నాయి. ఒక్క సిజీజియం ఇంట్లోనే దాదాపు 1,200 మంది! చెట్లలో ఇంతమంది ఉన్న ఇంటిపేరు ప్రపంచంలో మరొకటి లేదు.

ఇంటిపేరు మారడం కూడా ఉంది. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ నేరేడును మిర్టస్ ఇంట్లో చేర్చాడు. ఆ తర్వాత చాలాకాలం పుస్తకాల్లో అది యూజీనియా వాళ్ళ బిడ్డగా చలామణీ అయింది. 1912లో స్కీల్స్ అనే అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు దాన్ని సిజీజియం ఇంటికి పంపాడు. క్యుమిని మాత్రం లిన్నేయస్ పెట్టిన పేరే. అసలు అమెరికా ఖండాల చెట్లనూ మన వైపు చెట్లనూ ఒకే యూజీనియా ఇంట్లో ఉంచాలా, వేరు కాపురం పెట్టించాలా అని ఏళ్ళ తరబడి వాదన నడిచింది. 1972లో రాబర్ట్ ష్మిడ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు పువ్వుల్లోపలి నిర్మాణాన్ని సూక్ష్మదర్శినిలో పరిశీలించి, అండాలకు ఆహారం తీసుకెళ్ళే నాళాలు ఆ రెండింట్లో వేర్వేరు దారుల్లో పోతున్నాయని చూపించాడు. డి.ఎన్.ఎ. పరీక్షలు కూడా తర్వాత అదే తేల్చాయి. కాబట్టి పాత పుస్తకంలో యూజీనియా జాంబొలానా అని కనిపిస్తే కంగారు పడకండి, అది మన నేరేడే.

ఇప్పుడు ఆకు దగ్గరికి వద్దాం. ముక్కు ఒక్కటే చూసి "నువ్వు ఫలానా వాళ్ళ అబ్బాయివి" అనలేం కదా. ఇక్కడా అంతే, పోలికలు నాలుగైదు కలవాలి.

రాలిన ఆకు ఒక్కటి పట్టుకుంటే సగం సంగతి పోయినట్టే. ఆకులున్న పుల్ల కావాలి. ఈ గోత్రంలో చాలావాటికి ఆకులు జంటగా, ఎదురెదురుగా వస్తాయి. కొమ్మ చివర ఆకులు గుత్తిగా ఉండి మోసం చేస్తాయి, అందుకని కొంచెం కిందకి, ఆకుల మధ్య ఎడం ఉన్నచోట చూడండి. ఆకు రాలిపోయినా దాని తొడిమ అతికిన మచ్చ మిగులుతుంది, ఆ మచ్చలూ ఎదురెదురుగానే ఉంటాయి. పుల్లను రెండు వేళ్ళ మధ్య దొర్లించడం కూడా మర్చిపోకండి. లేత జామ పుల్ల నాలుగు పలకలుగా తగులుతుంది, నేరేడు పుల్ల గుండ్రంగా ఉంటుంది. సిజీజియం జాతుల్ని ఒకదాన్నుంచి ఒకటి విడదీసేటప్పుడు ఈ పలకలు బాగా పనికొస్తాయి.

తర్వాత ఆకును ఎండకు ఎత్తి పట్టండి. సూదితో పొడిచినట్టు సన్నటి వెలుగు చుక్కలు కనిపిస్తాయి. అవి నూనె తిత్తులు. పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం ఉంటే మంచిది. అద్దాన్ని కంటికి ఆనించి, ఆకును దాని దగ్గరికి తీసుకురావాలి. అద్దం ఆకు మీద పెట్టి దూరం నుంచి చూస్తే ఏమీ కనబడదు. ముదురాకు మందంగా ఉండి వెలుగును ఆపేస్తుంది, కాబట్టి పూర్తిగా విచ్చుకుని ఇంకా ముదరని ఆకును ఎంచుకోండి. తడిగా ఉంటే తుడవండి. చుక్కలు కనబడకపోతే ఆకును నలిపి వాసన చూడండి. నేరేడు ఆకు నలిపితే కాస్త మామిడాకు పోలికలో ఘాటుగా ఉంటుంది, జామాయిల్ సంగతి మీకు తెలుసు. రెండు మూడు ఆకులు నలిపాక చేతికి నూనె పట్టి అన్నీ ఒకే వాసన వేస్తాయి. మధ్యలో చెయ్యి కడుక్కోవాలి.

అయితే నిమ్మాకులోనూ ఇలాంటి చుక్కలుంటాయి! దానిది వేరే గోత్రం. దాని ఆకులు ఒకటి విడిచి ఒకటి వస్తాయి, జంటగా రావు. ఒక్క గుర్తు చాలదన్నది అందుకే.

మూడోది ఈనెలు. నేరేడు ఆకులో నడి ఈనె నుంచి పక్క ఈనెలు సన్నగా, దగ్గర దగ్గరగా బయల్దేరి అంచు దాకా పోవు. అంచుకు కొంచెం ఇవతల, అంచు వెంబడే నడిచే ఒక ఈనెలో కలిసిపోతాయి. పంచెకు అంచు నేసినట్టు కాదు, అంచుకు లోపలగా. వేలితో తడిమితే తెలియదు, వెలుగులో చూడాలి. జామలో పక్క ఈనెలు దూరంగా ఉంటాయి, ఆకు అడుగున లావుగా ఉబ్బి చేతికి తగులుతాయి.

అగుంబె వైపు మిమ్మల్ని బాగా తికమక పెట్టేది పొన్న జాతి. దాని ఆకులూ జంటలే, ఈనెలు నేరేడు కంటే ఇంకా దగ్గరగా ఉంటాయి. తొడిమ విరిచి చూడండి, పొన్నకైతే జిగురు పాలు కారతాయి. మన గోత్రంలో ఎవరికీ పాలుండవు. రెండోది అల్లి చెట్టు. ఆకు చూస్తే నేరేడు తమ్ముడే అనిపిస్తుంది. నలిపితే వాసన లేదు, ఎండకు పెడితే చుక్కలు లేవు. పూసినప్పుడైతే నీలం పూలు, పువ్వుకు ఎనిమిదే కేసరాలు. నేరేడు పువ్వులో కేసరాలు లెక్కపెట్టలేనన్ని ఉంటాయి.

మినహాయింపులు కూడా చెప్పాలి. జామాయిల్ లేత మొక్కగా ఉన్నప్పుడు ఆకులు జంటగా ఉండి, పెద్దయ్యాక విడివిడిగా వస్తాయి. మన శేషాచలం కొండల మీది మొగి చెట్టు పేరే సిజీజియం ఆల్టర్నిఫోలియం, సిజీజియం అయి ఉండీ ఆకులు ఒకటి విడిచి ఒకటి. అది తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా పెరగదు.

బయల్దేరే ముందు ఇంట్లో ఒక పని చేయండి. అమ్మమ్మ పోపుల పెట్టెలోంచి తల ఊడని లవంగాలు నాలుగు తీసి, మెత్తబడేదాకా వేడినీళ్ళలో నానబెట్టండి. పెద్దవాళ్ళ చేత బ్లేడుతో ఒకదాన్ని నిలువుగా కోయించండి. లవంగం అంటే విచ్చుకోని మొగ్గ. పైన నాలుగు పళ్ళలా ఉన్నవి రక్షకపత్రాలు, వాటి మధ్యనున్న గుండ్రటి ఉండ, పూరేకులు మూసుకుని ఏర్పడ్డ టోపీ. టోపీ కింద కేసరాలు బోలెడు ముడుచుకుని ఉంటాయి. అండాశయం మాత్రం రక్షకపత్రాలకు కింద, కాడలాగా కనిపించే భాగంలో ఉంటుంది. కాడ అంచు చుట్టూ నూనె తిత్తులు వరుసగా కనబడతాయి. అండాశయం కింద ఉండడం వల్లే పండయ్యాక రక్షకపత్రాలు పండు కొనన మిగిలిపోతాయి. జామకాయ కిరీటం, నేరేడు కొనన చిన్న గిన్నె అవే. మా చిన్నప్పుడు నేరేడుపళ్ళు తిని నాలుకలు చాపి, ఎవరిది ఎక్కువ ఊదా అని పోటీ పడేవాళ్ళమే కానీ, ఆ గిన్నెను ఎవరం చూడలేదు.

అడవిలో చెట్టు కింద నేల కూడా చూస్తూ నడవండి. పూసే కాలమైతే తెల్లటి కేసరాలు పరిచినట్టు రాలి ఉంటాయి. చిగురు ఎర్రగా, రాగిరంగులో మెరిసే చెట్టు కనబడితే ఆగండి, చాలా సిజీజియాలు అలాగే చిగురిస్తాయి. ఇంటిపేరు దాకా తెలిస్తే చాలు, సొంత పేరు కోసం ఊహించి రాయకండి. పుస్తకంలో "సిజీజియం జాతి" అని రాసి వదిలేయడంలో తప్పేమీ లేదు, ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే పెద్ద పెద్ద హెర్బేరియాల్లోనూ అలా రాసిన షీట్లు ఉంటాయి.

రక్షిత అడవిలో చెట్టు నుంచి పుల్ల తెంపకూడదు. కేరళ చిత్తడి అడవుల్లో సిజీజియం ట్రావన్‌కోరికమ్ అనే చెట్లు చాలా కొద్ది చోట్లే మిగిలాయి. మీ చేతిలో ఉన్నది అలాంటిది కాదని మీకు తెలియదు కదా. గాలికి విరిగి పడిన పుల్ల వెతుక్కోండి. ఆకు పైభాగం, అడుగు, వెలుగుకు ఎత్తి పట్టినప్పుడు, పుల్ల మీద ఆకులు అతికిన చోటు, చెట్టు బెరడు, ఇన్నీ ఫోటో తీయండి. పక్కన స్కేలు పెట్టండి. వాసన, రంగు ఫోటోలో రావు కాబట్టి అక్కడికక్కడే రాసుకోండి. ఫోటోలు నాకు పంపండి, పేరు నాకూ తెలియకపోతే తెలిసినవాళ్ళను అడుగుదాం.

ఇట్లు
మీ తాతయ్య