పరీక్షలో నెగ్గినా యార్డులో తడబాటు: కార్యనిర్వహణ పరీక్షల నేపథ్యం

తలకు దెబ్బ తగిలి కోలుకున్న మనిషి కర్నూలు మార్కెట్ యార్డులో మళ్లీ ఉల్లి వ్యాపారం చూసుకోగలడా అని ఇంటివాళ్లు అడుగుతారు. అయితే కార్యనిర్వహణను, అంటే పనులను వరుసలో పెట్టుకుని సందర్భాన్ని బట్టి నడుచుకునే మెదడు సామర్థ్యాన్ని, కొలవడానికి ఆసుపత్రుల్లో వాడే పేరుమోసిన పరీక్షలు ఆ ప్రశ్న కోసం పుట్టినవి కావు. అక్షరాలను పట్టించుకోకుండా సిరా రంగు మాత్రమే చెప్పమనే స్ట్రూప్ పరీక్ష 1935 నాటి ప్రయోగశాల సాధనం. చెప్పకుండా మారే నియమాన్ని పసిగట్టి కార్డులను జతచేయమనే విస్కాన్సిన్ పరీక్ష 1948లో వచ్చింది. మెదడు ముందుభాగంలో శస్త్రచికిత్స జరిగినవారు అందులో పాత నియమాన్నే పట్టుకుని ఉండిపోతున్నారని 1963లో మెదడు పరిశోధకురాలు బ్రెండా మిల్నర్ చూపాక, అది రోగనిర్ధారణలో పాతుకుపోయింది. స్కానింగ్ యంత్రాలు లేని ఆ కాలంలో, దెబ్బ ఎక్కడ తగిలిందో కనిపెట్టడమే వైద్యులకు ముఖ్యం.

1985లో పరిశోధకులు ఎస్లింగర్, డమాసియో వివరించిన రోగి కథతో, పరీక్షలో నెగ్గితే మెదడు ముందుభాగం బాగున్నట్టే అన్న నమ్మకానికి బీటలు పడ్డాయి. మెదడులో కణితి తీయించుకున్న ఆయన పరీక్షలన్నిటిలోనూ బాగా రాణించాడు, కానీ ఉద్యోగం నిలబెట్టుకోలేక, డబ్బు పోగొట్టుకుని, సంసారం కూడా చెదరగొట్టుకున్నాడు. 1991లో షాలిస్, బర్జెస్ అలాంటి ముగ్గురిని లండన్‌లో దుకాణాల వీధికి పంపి, కొన్ని సరుకులు కొనమని, టమాటా ధర వంటి వివరాలు కనుక్కోమని, కొన్ని నియమాలు దాటవద్దని చెప్పారు. పరీక్ష గదిలో దొరకని లోపం వీధిలో బయటపడింది.

కారణం గదిలోనే ఉందని నా అభిప్రాయం. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఏం చేయాలో, ఎక్కడ ఆపాలో అక్కడ పరీక్షకుడే చెబుతాడు. యార్డులో వేలం నడుస్తుండగానే కాటా చూడాలి, హమాలీల కూలి లెక్కగట్టాలి, లారీవాడికి జవాబు చెప్పాలి, తక్‌పట్టీ (అమ్మకపు లెక్క చీటీ) కోసం నిలబడిన రైతును మరచిపోకూడదు. వీటిలో ఏది ముందో చెప్పేవారుండరు.

పరీక్షల మార్కులకూ, రోజువారీ ప్రవర్తనపై దగ్గరివాళ్లు నింపే ప్రశ్నావళులకూ పొంతన ఎంతో టోప్లాక్ బృందం 2013లో 20 అధ్యయనాలను కలిపి చూసింది. పూర్తి పొంతన 1 అయితే, ఆ అధ్యయనాల్లో కనిపించిన పొంతనల మధ్య విలువ 0.19 మాత్రమే. అంటే ఇంటివాళ్ల మాటే నిజమని కాదు, విసుగూ ప్రేమా రెండూ ఆ జవాబుల్లోకి చేరతాయి. ఆ పరిశోధకుల దృష్టిలో ఈ రెండు కొలతలూ వేర్వేరు విషయాలను పట్టుకుంటున్నాయి.

మన దగ్గర చదువు సంగతి కూడా ఉంది. బడి ముఖం చూడని మనిషికి పెన్సిల్ పట్టడమే కొత్త కావచ్చు, అప్పుడు తక్కువ మార్కును మెదడు లోపంగా లెక్కగడితే అన్యాయం చేసినట్టే. 2004లో బెంగళూరులోని మానసిక, నాడీ వైద్య సంస్థ నిమ్హాన్స్ వెలువరించిన పరీక్షల సంపుటి చదువును బట్టి వేర్వేరు ప్రమాణాలు ఇచ్చి ఈ చిక్కును కొంత తీర్చింది. లండన్ వీధి పరీక్షను ఆసుపత్రి ఆవరణకు తగ్గట్టు మార్చిన రూపాలు కూడా విదేశాల్లో వచ్చాయి. కర్నూలులోనూ ఓపీ చీటీ, మందుల కౌంటరు, క్యాంటీన్ చుట్టూ అలాంటి పనుల వరుస ఒకటి కూర్చి, రోగి ఎక్కడ దారితప్పాడో మార్కుల పక్కనే రాసి ఇవ్వవచ్చు.