28 రోజుల నుంచి 180 రోజుల దాకా: ఆస్ట్రేలియా వర్క్ వీసా రద్దు, ట్రిబ్యునల్ వెనకున్న కథ

ఆస్ట్రేలియాలో స్పాన్సర్ వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోయిందంటే ఆ సాయంత్రమే రోజుల లెక్క మొదలవుతుంది. చివరి పనిదినం ఏది, ఇవాళ్టికి ఎన్నో రోజు, ఇంకెన్ని మిగిలాయి. మెల్‌బోర్న్, సిడ్నీల్లోని మన ఐటీవాళ్లకు బాగా తెలిసిన టెన్షన్ ఇది.

1996లో 457 వీసా వచ్చింది. కంపెనీ స్పాన్సర్ చేస్తే నాలుగేళ్ల వరకు ఉండొచ్చు, కానీ ఆ స్పాన్సర్ దగ్గరే పనిచేయాలి. ఆ షరతు నంబరు 8107. పని ఆగిపోతే ఇంకో స్పాన్సర్‌ను వెతుక్కోడానికి ఒకప్పుడు ఇచ్చింది 28 రోజులే. రెండు ఇంటర్వ్యూలు అయ్యేసరికే నెల గడిచిపోతుంది, ఆపైన కొత్త కంపెనీ నామినేషన్ (ఈ ఉద్యోగానికి ఈ మనిషి కావాలన్న దరఖాస్తు) వేయాలి, అది ఆమోదం పొందాలి. అలాంటప్పుడు జీతం తగ్గించి ఇచ్చినా, అదనపు గంటలు చేయించినా ఎవరు నోరెత్తుతారు? 2013 జులైలో ఆ గడువును 90 చేశారు, 2016 నవంబరులో మళ్లీ 60కి కోశారు. 2018 మార్చిలో 457 పోయి దాని స్థానంలో 482 వీసా వచ్చింది గానీ ఆ 60 రోజులు మాత్రం పోలేదు.

గడువు దాటితే 1958 నాటి మైగ్రేషన్ చట్టంలోని 116వ సెక్షన్ కింద ఇమిగ్రేషన్ శాఖ వీసా రద్దు చేయొచ్చు. చేయొచ్చు, అంతే; చేసి తీరాలని లేదు. ఆ రద్దు మీద అప్పీలు వినే ట్రిబ్యునల్లో వాదన అంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ఆ ట్రిబ్యునల్‌కూ పేర్లు చాలానే మారాయి. 1989లో ఇమిగ్రేషన్ రివ్యూ ట్రిబ్యునల్, 1999లో మైగ్రేషన్ రివ్యూ ట్రిబ్యునల్, 2015లో అది అడ్మినిస్ట్రేటివ్ అప్పీల్స్ ట్రిబ్యునల్లో కలిసిపోయింది. రాజకీయ నియామకాలు ఎక్కువయ్యాయన్న కారణంతో దాన్నీ ఎత్తేస్తామని 2022 డిసెంబరులో అటార్నీ జనరల్ మార్క్ డ్రేఫస్ ప్రకటించారు. 2024 అక్టోబరు 14 నుంచి ఉన్నది అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ ట్రిబ్యునల్.

అక్కడ శాఖ తప్పు చేసిందా అని మాత్రమే చూడరు, కేసు మొత్తాన్ని మళ్లీ మొదటి నుంచి చూస్తారు. సాధారణంగా ఒకే మెంబరు ఎదురుగా కూర్చుంటారు, మనం ప్రమాణం చేసి చెప్పాలి, కావాలంటే దుభాషిని ఇస్తారు. పని ఎప్పుడు ఆగింది? ఎందుకు ఆగింది, మీ చేతిలో ఉన్న విషయమేనా? పిల్లలు ఇక్కడ బడికి వెళ్తున్నారా? కొత్త స్పాన్సర్ దొరికారా? నా ఉద్దేశంలో చాలా కేసులు ఈ చివరి ప్రశ్న దగ్గరే బోల్తా పడతాయి. ఎందుకంటే వీసా రద్దయ్యాక చేతిలో ఉండేది బ్రిడ్జింగ్ వీసా ‘ఈ’ (కేసు తేలేదాకా దేశంలో ఉండనిచ్చే తాత్కాలిక వీసా), దాని మీద పని చేసుకోడానికి అనుమతి విడిగా అడగాలి, ఆర్థిక ఇబ్బంది చూపించాలి. అలా ఉన్న మనిషిని ఏ కంపెనీ ధైర్యంగా తీసుకుంటుంది? దానికి తోడు ట్రిబ్యునల్ ఫీజు ఇప్పుడు 3,000 డాలర్లు దాటింది. జీతం ఆగిన ఇంటి నుంచి అంత అడగడం అన్యాయం. కట్టలేనివాళ్లకు సగం తగ్గించే వీలుంది, అదీ అడిగితేనే.

2024 జులై 1న గడువు ఒక్కో విడతకు 180 రోజులకు, వీసా కాలం మొత్తం మీద 365 రోజులకు పెరిగింది. ఆ వ్యవధిలో వేరేచోట పనిచేసుకోవచ్చు కూడా. ట్రిబ్యునల్‌కు వెళ్లక ముందే గొడవ తీరిపోయే దారి ఇదొక్కటే, ఇన్నేళ్లకు ఇచ్చారు.

అప్పీలు గడువు కూడా మారింది. పాత పద్ధతిలో ఇలాంటి రద్దు మీద 7 పనిదినాల్లో దరఖాస్తు పడాలి, ఇప్పుడు డిటెన్షన్‌లో (ఇమిగ్రేషన్ నిర్బంధంలో) లేనివాళ్లకు 28 రోజులు. ఆ తేదీ దాటాక మాత్రం, కారణం ఎంత గట్టిదైనా, పొడిగించే అధికారం ట్రిబ్యునల్‌కు లేదు.