వేయించిన చికెన్ పాడవదనుకుంటున్నారా? కొన్ని అపోహలు - వాస్తవాలు

ఫ్రైడ్ చికెన్ అవుట్‌లెట్లలో కొత్తగా చేరిన పిల్లలకు కిచెన్ పని నేర్పడం, కస్టమర్ల ఫిర్యాదులు చూడడం నా ఉద్యోగం. హైదరాబాద్‌లో ఎండలు ముదిరాయంటే చాలు, ఒకే రకం ఫోన్లు. "మీ బకెట్ చికెన్ తిని ఇంట్లో అందరికీ వాంతులండీ, చికెన్ సరిగ్గా వేగలేదు." ఎప్పుడు కొన్నారంటే నిన్న సాయంత్రం. ఎప్పుడు తిన్నారంటే కొంత రాత్రి, మిగిలింది పొద్దున. మధ్యలో ఎక్కడ పెట్టారంటే డైనింగ్ టేబుల్ మీదే, మూత పెట్టాం కదా అంటారు.

అపోహ: నూనెలో బాగా వేగింది కాబట్టి పాడవదు, తినేముందు ఒకసారి వేడి చేసుకుంటే సరిపోతుంది.

సరిపోదు. మిగతా పుకార్లు ఎన్ని ఉన్నా మనుషుల్ని ఎక్కువగా ఆస్పత్రి పాలు చేసేది ఇదే, అందుకే దీని గురించే ఎక్కువ చెప్తున్నాను. ఇది ఏడాది పాటు డబ్బాలో దాచుకునే వడియం కాదు, పైన పొర కరకరలాడినా లోపల ఉన్నది తడి మాంసమే. బకెట్ ఇంటికి తెచ్చిన కాసేపటికి మూత తీసి చూడండి, లోపలి వైపు నీటి చుక్కలు పట్టి ఉంటాయి, పై పొర మెత్తబడి చేతికి అంటుకుంటుంది. ఆ తడి, ఆ గోరువెచ్చదనం బాక్టీరియాకు సరిగ్గా కావాల్సినవి. 5 నుంచి 60 డిగ్రీల మధ్య అవి వేగంగా పెరుగుతాయి. వండిన మాంసం బయట ఉండదగ్గది మహా అయితే 2 గంటలు, గది వేడి 32 డిగ్రీలు దాటితే గంటే. ఏప్రిల్, మే నెలల్లో మన ఇళ్లలో ఏసీ లేని గది రాత్రి పూట కూడా ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు.

మళ్లీ వేడి చేస్తే ఏమవుతుందంటే, బాక్టీరియా చస్తుంది, అది అప్పటికే వదిలిన విషం మాత్రం అలాగే ఉంటుంది. స్టాఫిలోకాకస్ అనే బాక్టీరియా మన చేతుల మీద, ముక్కులో ఉండేదే. ఒకరు ముక్క పట్టుకుని చూసి మళ్లీ బకెట్‌లో పెడతారు, అక్కడ అది పెరిగి విషం వదులుతుంది, దాన్ని ఓవెన్ వేడి ఏమీ చేయలేదు. వాసన మారదు, రుచీ మారదు. తిన్న కొన్ని గంటల్లోనే వాంతులు మొదలవుతాయి.

మా అక్క కొడుకు అమీర్‌పేట హాస్టల్‌లో ఉండి కోచింగ్ తీసుకునేవాడు. ఆఫర్ ఉందని రూమ్ వాళ్లంతా డబ్బులేసుకుని పెద్ద బకెట్ కొన్నారు, ఫ్రిజ్ లేదు కాబట్టి మిగిలింది కిటికీ గట్టు మీద పెట్టి పొద్దున తిన్నారు. మధ్యాహ్నానికి ఫోన్ చేసి "వాసన బాగానే ఉంది పిన్నీ, అందుకే తిన్నాం" అన్నాడు, గొంతులో ఓపిక లేదు. సెలైన్ ఎక్కించాక తేరుకున్నారు. హాస్టల్ పిల్లలకు చెప్పేది ఒకటే, ఫ్రిజ్ లేకపోతే ఆ పూటకు తినగలిగినంతే కొనండి. ఫ్రిజ్ ఉంటే బకెట్ బకెట్‌గా తోసేయకుండా ముక్కల్ని వెడల్పాటి డబ్బాలో పరిచి వెంటనే పెట్టండి. వాంతులైతే ఓఆర్ఎస్ తాగుతూ ఉండాలి. పసిపిల్లలు, గర్భిణులు, ముసలివాళ్లయితే ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఇక రెండోది, ఎముక పక్కన ఎర్రగా ఉంటే పచ్చిదేనని. పిల్లాడి ప్లేట్‌లో అది చూసి తల్లి కంగారు పడడంలో తప్పేమీ లేదు. ఈ కోళ్లు 6 వారాల లేత కోళ్లు, ఎముక ఇంకా గట్టిపడదు, ముఖ్యంగా ఫ్రీజ్ చేసిన ముక్కల్లో మూలుగ రంగు బయటికి ఊరి, వేగాక ముదురు ఎరుపులో కనిపిస్తుంది. కిచెన్‌లో మేం రంగు చూడం, తొడ ముక్కలో దళసరిగా ఉన్నచోట, ఎముకకు తగలకుండా థర్మామీటర్ సూది దింపి చూస్తాం, 74 డిగ్రీలు రావాలి. మాంసం జిగటగా, కాస్త అద్దంలా మెరుస్తూ ఎముకను వదలకుండా ఉంటే మాత్రం అది నిజంగా వేగలేదు. మొహమాటపడకుండా కౌంటర్ దగ్గరికి తీసుకెళ్లి మార్చమనండి, అది మీ హక్కు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. కోళ్లకు హార్మోన్ ఇంజెక్షన్లు ఇస్తారన్నది అబద్ధం, వేల కోళ్లున్న షెడ్డులో ఒక్కోదాన్ని పట్టుకుని సూదులు వేసే పని ఎవరూ పెట్టుకోరు. త్వరగా పెరిగేది జాతి ఎంపిక వల్ల, దాణా వల్ల. యాంటీబయాటిక్స్ సంగతి వేరు, అది నిజమైన సమస్యే, అందుకే 2019లో కేంద్రం కోళ్ల పెంపకంలో కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను నిషేధించింది. ఆరు రెక్కలు, ఎనిమిది కాళ్ల కోడి ఫొటోలు ఇంకా ఫార్వర్డ్ అవుతూనే ఉన్నాయి, వాటి మీద కేఎఫ్‌సీ 2015లోనే చైనాలో కోర్టుకెళ్లి, 2016లో గెలిచింది, ఇకనైనా ఆపండి. బర్డ్ ఫ్లూ వైరస్ 70 డిగ్రీల వేడికే చస్తుంది, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల వార్తలు చూసి ఉడికిన చికెన్‌కు కూడా భయపడాల్సిన పని లేదు. నూనె నల్లబడితేనే పాడైనట్టు కాదు, రంగు మారకపోయినా పాడవచ్చు. నూనె మళ్లీ మళ్లీ కాగితే అందులో పుట్టే పాడు పదార్థాలు, అంటే టోటల్ పోలార్ కాంపౌండ్స్, 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన.

చికెన్‌తో నంజుకునే మయోనైజ్ తింటే జబ్బు చేస్తుందన్న భయం మాత్రం పుకారు కాదు. పచ్చి గుడ్లతో చేసినదాన్ని తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30న ఏడాది పాటు నిషేధించింది. గుడ్డు లేనిదా, పాశ్చరైజ్ చేసిన గుడ్డుతో చేసినదా అని అడిగి తీసుకోండి. ఓపెన్ చేసిన కప్పులో మిగిలితే చికెన్ డబ్బాతో పాటు దాచకండి, పారేయండి.