ట్యాంక్‌బండ్ మీద శ్రీశ్రీ రెండోసారి

చిట్టీ, బన్నీ,

మొన్న ఆదివారం ట్యాంక్‌బండ్ మీద మక్కకంకులు తింటూ నడుస్తుంటే బన్నీగాడు ఒక విగ్రహం ముందు ఆగి, "ఈయనేం చేశాడు తాతా?" అన్నాడు. శ్రీశ్రీ అనీ, మహాకవి అనీ చెప్పి ఊరుకున్నాను. అసలు సంగతి వేరే ఉంది. ఆయన అక్కడ నిలబడటం రెండోసారి.

2011 మార్చి 10న, ప్రత్యేక తెలంగాణ కోసం మిలియన్ మార్చ్ జరిగిన రోజు, ఆ గట్టు మీది విగ్రహాలు చాలా పడగొట్టారు. కొన్నింటిని హుస్సేన్‌సాగర్‌లోకి తోసేశారు. శ్రీశ్రీ, జాషువా, అన్నమయ్యలను కూడా వదల్లేదు. తర్వాత ప్రభుత్వం మళ్లీ నిలబెట్టింది.

విగ్రహం కింద పేరు చదువుతాం గానీ, ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు అని చూడం. 1980ల్లో ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉండగా 33 విగ్రహాలు పెట్టించారు. తెలుగువాళ్లంతా ఒకటే అని చెప్పే వరస అది. రుద్రమదేవి, తానాషా, మఖ్దూం, సురవరం ప్రతాపరెడ్డి ఉన్నారు కాబట్టి తెలంగాణను అసలే మరిచారనలేం. కానీ నిజాంతో పోరాడి 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిన కొమురం భీం లేడు. మన చెరువుగట్టు మీద మనవాళ్లు ఇంతేనా అని కడుపుమండింది జనానికి. భీం విగ్రహం 2011 తర్వాతే వచ్చింది.

అయినా పగలగొట్టడం నాకు నచ్చలేదు. అంటరానితనం మీద పద్యాలు రాసిన జాషువాను ఏ ప్రాంతం లెక్కలో వేస్తాం? ఆ మాటంటే మీ చిన్నతాత వారం రోజులు నాతో మాట్లాడలేదు. 1969 తెలంగాణ ఉద్యమంలో ఆయన కాలేజీ కుర్రాడు. కాల్పుల్లో స్నేహితుణ్ని పోగొట్టుకున్నాడు.

ఇప్పుడు మనమేమైనా తక్కువా? 2024 డిసెంబరులో సచివాలయంలో, పాత విగ్రహాలకున్న కిరీటం లేకుండా, కొత్త తెలంగాణ తల్లిని పెట్టారు. ఏ తల్లి అసలు తల్లని పార్టీలు ఒకటే గొడవ.

వచ్చే ఆదివారం అసెంబ్లీ ఎదురుగా గన్‌పార్కుకు పోదాం. 1969లో చనిపోయినవాళ్ల స్తూపం అక్కడుంది. శిల్పి ఎక్కా యాదగిరిరావు. 1970లో పునాదిరాయి వేస్తే, పూర్తయ్యేసరికి ఏళ్లు పట్టింది. దాని మీద ఏ నాయకుడి ముఖమూ ఉండదు. కింద నల్లరాతి దిమ్మెకు చిన్న చిన్న గుంటలుంటాయి, తూటాలు దిగినట్టు. పైన తెల్లపువ్వు.

చిన్నతాత కూడా వస్తానన్నాడు. ఒక్కో వైపు గుంటలెన్నో లెక్కపెట్టి, అన్నే ఎందుకని ఆయన్నే అడగండి. నేనడిగితే చెప్పడు.

మీ తాత