తమ్ముడి పేజీ

అమ్ములుకూ, చిన్నాకూ,

అమ్మమ్మ దీవెనలు. ఇక్కడ సార్వా వరి కోతలు సగం అయ్యాయి. పనలు ఇంకా చేలోనే ఉన్నాయి కాబట్టి ఊరంతా ఆకాశం వైపు చూస్తూ టెన్షన్ పడుతోంది. సరిగ్గా కోతల వేళకే తుపాను రావడం మన వైపు కొత్త కాదు. దొడ్లో కంద బాగా ఊరింది. మీరు సంక్రాంతికి వచ్చేదాకా తవ్వించను.

అమ్ములూ, మీ అమ్మ ఫోన్‌లో పంపిన నీ కథ రెండుసార్లు చదివాను. ఒకసారి మనసులో, ఒకసారి పైకి. దసరా సెలవుల్లో తమ్ముడు తాతయ్య వాచీ పెట్టుకుని కాలువ రేవులో దిగడం, అది జారి నీళ్ళలో పడిపోవడం, ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ అన్నం సయించకపోవడం, అన్నీ కళ్ళకు కట్టాయి. రేవు మెట్ల మీద నాచు గురించి నువ్వు రాసిన మాట చదువుతుంటే నా అరికాలికి ఆ చల్లదనం తగిలింది. కథ చిన్నా కూడా చదివాడట. చదివి నీతో రెండు రోజులు మాట్లాడలేదట. "జరిగింది జరిగినట్టే రాశాను కదా అమ్మమ్మా, నా తప్పేముంది?" అని అడిగావు. దానికి ఫోన్‌లో జవాబు చెప్పడం నాకు చేతకాలేదు. అందుకే ఈ ఉత్తరం. చిన్నా, నువ్వు కూడా చదువు. ఇద్దరికీ కలిపే రాస్తున్నాను.

నేను 1972లో పెళ్ళయి ఈ ఇంటికి వచ్చాను. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ళు. కథలు రాయాలని ఉండేది కానీ ఎప్పుడు రాయాలో తెలిసేది కాదు. పొద్దున్నే గేదె పాలు, పెరుగు చిలకడం, చేలోకి వెళ్ళేవాళ్ళకి క్యారేజీలు. నెలన్నరకోసారి కొబ్బరి దింపు ఉండేది, ఆ రోజు ఇంకో పదిమందికి వంట. మధ్యాహ్నం రెండు దాటాక మీ తాతమ్మ, అంటే మా అత్తయ్య, వసారాలో మడతమంచం మీద నడుం వాల్చేవారు. అప్పుడు వంటింటి గడప పక్కన పీట వేసుకుని, మీ తాతయ్య కొబ్బరి లెక్కల పుస్తకంలో మిగిలిపోయిన కాగితాల మీద రాసేదాన్ని. గంటన్నర దొరికితే గొప్ప. వాక్యం మధ్యలో ఉండగానే ఎవరో ఒకరు పిలిచేవారు. లేచి వెళ్ళి, పప్పు రుబ్బుతూ ఆ సగం వాక్యాన్నే నోట్లో తిప్పుకునేదాన్ని. మళ్ళీ పీట మీద కూర్చునేసరికి దాంట్లో అక్కర్లేని మాటలు రాలిపోయి ఉండేవి. తీరిక ఉంటే ఇంకా బాగా రాసేదాన్నని చాలా ఏళ్ళు అనుకున్నాను. ఇప్పుడు తీరిక ఉంది. వాక్యం తేలిగ్గా రావడం మాత్రం లేదు.

రాయడానికి వీల్లేని రోజుల్లో ఒక చిన్న పుస్తకంలో ఏదో ఒక ముక్క రాసి పెట్టేదాన్ని. అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో వెయ్యి కాయలు ఎంత పలికాయి, ఎవరింట్లో ఎవరు ఏమన్నారు, కాలువ ఏ రోజు కట్టేశారు, ఇలాంటివి. మీకు హైదరాబాదులో ఇది తెలియదు కాబట్టి చెబుతాను. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర్నుంచి మనకు వచ్చే నీళ్ళని ఏటా దాళ్వా, అంటే రెండో వరి పంట, అయ్యాక ఆపేస్తారు. పూడిక తీయడానికీ, లాకులు బాగుచేయడానికీ. మళ్ళీ తొలకరికి వదులుతారు. ఆ మధ్య రోజుల్లో కాలువ అడుగు బయటపడుతుంది. మడుగుల్లో పిల్లలు చేపలు పడతారు. రేవులో జారిపోయిన నా ఇత్తడి చెంబు రెండేళ్ళ తర్వాత ఓ వేసవిలో బురదలోంచి దొరికింది, నల్లగా మారిపోయి. ఆ ముక్క పుస్తకంలో రాసి మరిచిపోయాను. పదిహేనేళ్ళకి అది ఒక కథకి మొదలైంది.

వినడం గురించి కూడా ఒక మాట చెప్పాలి. మన దింపు తీసే ఆయన్ని ఎప్పుడొస్తావని అడిగితే "రేపొత్తానండి, ఆయ్" అంటాడు. ఆ "ఆయ్" కురచగా ఉంటే వస్తాడు. సాగదీస్తే రాడు. నా మొదటి కథల్లో అతని చేత "నేను రేపు తప్పక వస్తానండి" అనిపించాను. అచ్చులో మర్యాదగా ఉండాలని అలా మార్చాను కానీ, ఆ మాటతో పాటు ఆ మనిషి కూడా కథలోంచి వెళ్ళిపోయాడు.

కథ చెప్పడం నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. అత్తయ్య దగ్గరే నేర్చుకున్నాను, ఆవిడ నేర్పుతున్నట్టు ఆవిడకే తెలియకుండా. లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారి పేరు మీరు విన్నారు, గన్నవరం దగ్గర మనం దాటే అక్విడక్టుకి, అంటే నది మీదుగా కాలువని దాటించే వంతెనకి, పెట్టింది ఆవిడ పేరే. 1841 నుంచి 1909 దాకా జీవించిన మనిషి. ఏ వేళప్పుడు ఎవరొచ్చినా ఆకలితో పంపేది కాదని మన వైపు ప్రతి ఇంట్లో చెప్పుకుంటారు. ఆవిడ ఒకసారి అంతర్వేది తీర్థానికి బయలుదేరిందట. దారిలో ఆగినచోట, ఆకలికి ఏడుస్తున్న పిల్లల్ని పెద్దవాళ్ళు "ఇంకాస్త ఓర్చుకోండి, సీతమ్మగారింటికి చేరిపోతాం" అని సముదాయించడం వినబడి, స్వామి దర్శనం మానుకుని వెనక్కి తిరిగిపోయిందట. ఇది అందరూ చెప్పేదే. అత్తయ్య మాత్రం సీతమ్మగారితో మొదలుపెట్టేవారు కాదు. పిల్లాడి ఏడుపుతో మొదలుపెట్టేవారు. ఏడ్చి ఏడ్చి వాడి గొంతు ఎలా బొంగురుపోయిందో చెప్పేవారు. వాళ్ళమ్మ కొంగుతో వాడి మొహం తుడవడం చెప్పేవారు. సీతమ్మగారు గొప్పావిడ అన్న మాట ఆవిడ నోట ఒక్కసారి కూడా నేను వినలేదు. కథ అయ్యాక మీ అమ్మా మీ మావయ్యా అన్నం అడిగేవాళ్ళు. కథ పనిచేసిందని అలా తెలిసేది.

ఇక నా మొదటి కథ సంగతి.

అత్తయ్య బియ్యం కొట్టు తాళం బొడ్లో దోపుకుని తిరిగేవారు. రోజూ ఆవిడే తలుపు తీసి, ఆవిడే కొలిచి, ఆవిడే తాళం వేసేవారు. ఇంటి కోడలినై ఉండి పిడికెడు బియ్యం నా చేత్తో తీసుకోలేకపోవడం నాకు అవమానంగా ఉండేది. ఒకసారి మా పుట్టింటివాళ్ళు చెప్పకుండా వచ్చారు. అత్తయ్య పేరంటానికి వెళ్ళారు. ఆవిడ తిరిగొచ్చేదాకా మా నాన్నకి అన్నం పెట్టలేకపోయాను. ఆ కోపమంతా పోసి ఒక కథ రాశాను. అందులో అత్తగారు రాక్షసి, కోడలు కన్నీళ్ళ కుండ. పెళ్ళయిన ఆరేళ్ళకి దాన్ని ఒక వారపత్రికకి పంపాను, తిరుగు స్టాంపులు పెట్టి. మూడు నెలలకి తిరిగొచ్చింది. మార్జిన్‌లో పెన్సిలుతో ఒకే ఒక్క ప్రశ్న ఉంది. "అత్తగారు తాళం ఎందుకు వేస్తోంది?"

నాకు ఒళ్ళు మండింది. ఎందుకేమిటి, పిసినారి కాబట్టి! ఆ కాగితాలు ట్రంకుపెట్టె అడుగున పడేశాను. తర్వాత వేరే కథలు రాశాను, కొన్ని అచ్చయ్యాయి. ఈ కథ జోలికి మాత్రం పోలేదు.

1996 నవంబరు 6, బుధవారం. దీపావళి ఇంక నాలుగు రోజుల్లో ఉంది. ఆ రాత్రి వచ్చిన తుపాను గురించి మీ అమ్మని అడగండి, చెబుతుంది. కోనసీమ అంతా కకావికలైపోయింది. వెయ్యిమందికి పైగా పోయారు. మన ఇంటి పెంకులు సగం లేచిపోయాయి, అందరం దేవుడి గదిలో బల్ల కింద కూర్చున్నాం. తెల్లారి చూస్తే తోట లేదు. చెట్లు కొన్ని వేళ్ళతో సహా పడి ఉన్నాయి, కొన్ని నడిమికి విరిగి మొండేలు నిలబడ్డాయి. అత్తయ్యకి అప్పటికి డెబ్భై ఏళ్ళు. ఆవిడ కనబడకపోతే వెతుక్కుంటూ వెళ్ళాను. పడిన మానుల మధ్య నడుస్తూ ఒక్కోదాని మీద చెయ్యి వేస్తున్నారు. నన్ను చూసి, "అమ్మాయ్, ఇవన్నీ నేను మోసిన నీళ్ళతో బతికినవి" అన్నారు.

ఆ రోజు అక్కడే, ఒక మాను మీద కూర్చుని, నేను పాతికేళ్ళు ఆ ఇంట్లో ఉండి కూడా ఎప్పుడూ అడగని సంగతి చెప్పారు. 1953 ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చింది. లంకలో మన పంట మొత్తం పోయింది. ఆ మరుసటి ఏడే మా మావయ్యగారు, అంటే మీ తాతయ్య నాన్న, జ్వరంతో పోయారు. మీ తాతయ్యకి అప్పుడు ఎనిమిదేళ్ళు, వెనక ఇద్దరు ఆడపిల్లలు. పరామర్శకి వచ్చిన చుట్టాలు నెలల తరబడి ఉండిపోయారు. ఎవరికి కావలసినంత వాళ్ళు కొట్లోంచి తీసుకునేవారు. అప్పటికి ఆ తలుపుకి తాళం లేదు. ఒకనాడు ఆవిడ చేట పట్టుకుని వెళ్తే అడుగున ఊక తప్ప ఏమీ లేదట. పిల్లలు ముగ్గురూ ఆ రాత్రి బెల్లం నీళ్ళు తాగి పడుకున్నారు. మర్నాడు ఆవిడ మొదట అమ్మింది కాళ్ళ పట్టీలు, మొదట కొన్నది తాళం. ఆ ఏడే కొబ్బరి మొక్కలు పాతించి, కాపుకి వచ్చేదాకా ఆరేడేళ్ళు కావిడితో నీళ్ళు మోసింది.

ఇంటికొచ్చి ట్రంకుపెట్టె తీశాను. పెన్సిలు ప్రశ్న ఇంకా అక్కడే ఉంది.

కథ మళ్ళీ రాశాను. ఈసారి అత్తగారిని దేవతని చేశాను, కోడలు చివర్లో కాళ్ళ మీద పడుతుంది. రాస్తున్నంతసేపూ ఏడ్చాను కూడా. వారం ఆగి చదివితే అది మొదటి దానికన్నా పెద్ద అబద్ధంలా కనబడింది. అన్నం లేక వసారాలో కూర్చున్న మా నాన్న అందులో లేడు. ఆయన ఆకలీ నిజమే కదా. మూడోసారి రాసినప్పుడు ఊక ఉన్న చేటనీ వదల్లేదు, వసారాలో మా నాన్ననీ వదల్లేదు. రెంటినీ పక్కపక్కన పెట్టి, ఎవరిది తప్పో చెప్పకుండా ఆపేశాను. చాలా కష్టమైంది, ఎందుకంటే నాలో ఉన్న కోడలికి ఇంకా న్యాయం కావాలి. అదే అచ్చయింది. పంపేముందు అత్తయ్యకి చదివి వినిపించాను. భయంతో నా గొంతు వణికింది. ఆవిడ అంతా విని, "కందిపప్పు కొట్లో ఉండదే, డబ్బాలో ఉంటుంది. దిద్దుకో" అన్నారు. దిద్దుకున్నాను.

ఆ రోజుల్లోనే పాలగుమ్మి పద్మరాజుగారి "గాలివాన" మళ్ళీ చదివాను. ఆయనది పశ్చిమ గోదావరి జిల్లా తిరుపతిపురం. న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక పెట్టిన ప్రపంచ కథల పోటీలో 1952లో ఆ కథకి రెండో బహుమతి వచ్చింది. చిన్నప్పుడు చదివినప్పుడు నాకు గాలే కనబడింది. తుపాను చూశాక చదివితే, నియమాలతో బిగుసుకుపోయిన ఒక పెద్దమనిషి ఆ రాత్రి ఒక బిచ్చగత్తె పక్కన ఎలా మెత్తబడ్డాడో కనబడింది. ఆయన వాళ్ళిద్దరిలో ఎవరినీ చిన్నచేయలేదు. ఇంకొంచెం పెద్దయ్యాక చదువు అమ్ములూ, తొందర లేదు.

ఇప్పుడు నీ కథ. జరిగింది జరిగినట్టే రాశానన్నావు. నువ్వు చూసింది చూసినట్టు రాశావు, అది నిజం. వాచీ పడ్డాక నువ్వు ఏడుస్తూ ఇంట్లోకి పరిగెత్తుకొచ్చావు, కథ కూడా నీతో పాటే ఇంట్లోకి వచ్చేసింది. తమ్ముడు రేవులోనే ఉండిపోయాడు. దీపాలు పెట్టే వేళ దాకా వాడు లోపలికి రాలేదు. నీ కథలో ఆ రెండు గంటలూ ఖాళీగా ఉన్నాయి. వాణ్ణి మంచివాణ్ణి చేసి రాయమని నేను అనను. తాతయ్య వాచీ పోయింది, నాకూ బాధగానే ఉంది, నీ కోపం కథలో ఉండాల్సిందే. "పనికిమాలినవాడు" అన్న మాట మాత్రం కొట్టెయ్. ఆ మాట ఉన్నంతసేపూ నీకు వాడి గురించి ఇంకేమీ అడగాలనిపించదు.

చిన్నా, నువ్వు నన్ను మొన్న ఫోన్‌లో ఒక సంగతి అడిగావు కదా. అక్కకి చెప్పొద్దని అనలేదు కాబట్టి చెబుతున్నాను, కోప్పడకు నాన్నా.

అమ్ములూ, వాడు నన్ను కాలువ ఎప్పుడు కట్టేస్తారని అడిగాడు. దాళ్వా అయ్యాక, వేసవిలో అని చెప్పాను. ఎన్ని నెలలుందో లెక్కపెట్టుకుని ఫోన్ పెట్టేశాడు. ఎందుకని నేను అడగలేదు. నువ్వు అడుగు, వాడు చెబితే రాసుకో. ఆ పేజీ రాయడం అయ్యాక కథ నాకు మళ్ళీ పంపు, ఈసారి కాగితం మీద రాసి పోస్టులో పంపు. ఫోన్‌లో అక్షరాలు నా కళ్ళకి ఆనడం లేదు.

ప్రేమతో,
అమ్మమ్మ