పాస్‌వర్డ్ కరెక్టే, హోమ్ మాత్రం తెరుచుకోదు

పాస్‌వర్డ్ తప్పని కంప్యూటర్ అనదు. స్క్రీన్ క్షణం నల్లబడి, మళ్లీ లాగిన్ దగ్గరికే వస్తుంది. ఎన్‌క్రిప్టెడ్ హోమ్ (తాళం వేసిన సొంత ఫైళ్ల ఫోల్డర్) ఉన్న పాత ఉబుంటు లినక్స్ సిస్టమ్‌లలో తరచూ కనిపించే ఈ తంటాకు మూలం 2008 నాటిది.

2006లో లినక్స్ కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) 2.6.19లోకి, ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసే ఈక్రిప్ట్‌ఎఫ్‌ఎస్ వచ్చింది. 2008లో ఉబుంటు 8.10 దాంతో ఒక ప్రైవేట్ ఫోల్డర్‌ను ఇచ్చింది. మరుసటి ఏడాదికల్లా మొత్తం హోమ్‌నే ఎన్‌క్రిప్ట్ చేసే వీలు కల్పించింది. రెండు పాస్‌వర్డ్‌లు గుర్తుపెట్టుకునే టెన్షన్ లేకుండా ఒక ఉపాయం చేశారు: ఫైళ్లను తెరిచే అసలు రహస్యాన్ని లాగిన్ పాస్‌వర్డ్‌తో తాళం వేసి 'ర్యాప్డ్-పాస్‌ఫ్రేజ్' అనే ఫైల్‌లో దాచారు. లాగిన్ కాగానే పామ్ (లాగిన్‌ను పరీక్షించే వ్యవస్థ) మాడ్యూల్ దాన్ని విప్పి హోమ్‌ను మౌంట్ చేస్తుంది, అంటే ఫైళ్లు అందేలా తెరుస్తుంది.

చిక్కంతా ఇక్కడే. మన పాస్‌వర్డ్‌ను మనమే మార్చుకుంటే పాతదీ కొత్తదీ రెండూ పామ్ చేతికి అందుతాయి కాబట్టి తాళం కూడా మారుతుంది. రూట్‌గా, అంటే అడ్మిన్ అధికారంతో, రీసెట్ చేస్తే పాతది ఎవరూ అడగరు. లాగిన్ కొత్త పాస్‌వర్డ్‌ను ఒప్పుకుంటుంది, ఆ ఫైల్ మాత్రం పాతదాన్నే కోరుతుంది. మౌంట్ కాని హోమ్‌లో రాసే అనుమతి ఉండదు, అందుకే డెస్క్‌టాప్ మొదలవకుండానే వెనక్కి నెడుతుంది. పాత పాస్‌వర్డ్ గుర్తుంటే, కమాండ్‌లు టైప్ చేసే కన్సోల్‌లోంచి ఈక్రిప్ట్‌ఎఫ్‌ఎస్-రీర్యాప్-పాస్‌ఫ్రేజ్ కమాండ్‌తో కొత్తదానికి మార్చేయొచ్చు. గుర్తులేకపోతే మొదట్లో ఒక విండో చూపించి రాసి పెట్టుకోమన్న 32 అక్షరాల కోడే, అంటే ఆ అసలు రహస్యమే, దిక్కు. ఆ విండోను చదవకుండా మూసేసినవాళ్లకు, బ్యాకప్ కూడా లేకపోతే, దారి లేదు.

యాపిల్ కూడా 2003లో తన మ్యాక్‌ల ఎన్‌క్రిప్షన్ సదుపాయం ఫైల్‌వాల్ట్‌ను హోమ్‌కే పరిమితం చేసి, 2011లో మొత్తం డిస్క్‌కు మార్చింది. ఉబుంటు 2018లో, 18.04 ఇన్‌స్టాలర్ నుంచి హోమ్ ఎన్‌క్రిప్షన్ ఆప్షన్‌ను తీసేసి లక్స్ అనే డిస్క్ ఎన్‌క్రిప్షన్ పద్ధతితో డిస్క్ మొత్తానికీ తాళం వేసుకోమంది. నా దృష్టిలో మంచి నిర్ణయమే, కాస్త ఆలస్యమైంది. బూట్ అయ్యేటప్పుడు అడిగే పాస్‌ఫ్రేజ్ వేరు కాబట్టి లాగిన్ రీసెట్‌తో దానికి పని లేదు. కాకపోతే కంప్యూటర్ ఆన్‌లో ఉన్నంతసేపూ డిస్క్ తెరిచే ఉంటుంది. ఒకే సిస్టమ్‌ను నలుగురు వాడేచోట ఇది లోటే.

అందుకే హోమ్ ఎన్‌క్రిప్షన్ పోలేదు. తర్వాత వచ్చిన, ఫోల్డర్లను ఎన్‌క్రిప్ట్ చేసే ఎఫ్‌ఎస్‌క్రిప్ట్‌ను లాగిన్ పాస్‌వర్డ్‌తో ముడిపెడితే, రూట్ రీసెట్ దగ్గర మళ్లీ అదే గొడవ. 2020లో సిస్టమ్‌డీ (లినక్స్‌లో సేవలను నడిపే సాఫ్ట్‌వేర్) 245తో వచ్చిన హోమ్‌డీ, లాగిన్ పరీక్షనూ డిక్రిప్షన్‌నూ ఒకే పాస్‌వర్డ్ మీద నిలిపింది. ఆ రెండూ విడిపోవు, కానీ పాతది తెలియకుండా రూట్ కూడా హోమ్‌ను తెరవలేదు.